మీ ఊళ్లో డిజైనర్ల గ్రూపు పెట్టి నడపడం ఎలా? డీటీపీ షాపుల నుంచి ఫిగ్మా దాకా ఒక సమగ్ర మార్గదర్శి

జిల్లా కేంద్రాల్లో డిజైన్ పని చేసేవాళ్లలో చాలామంది ఒంటరిగా నేర్చుకున్నవాళ్లే. ఒకరు డీటీపీ షాపులో (కంప్యూటర్లో పేజీలు కూర్చి ప్రింటుకి సిద్ధం చేసే చోటు) ఓనరు పక్కన కూర్చుని, పేజీలు పెట్టే పేజ్‌మేకర్ నేర్చుకుంటారు. ఇంకొకరు యూట్యూబ్ చూసి ఫోటోషాప్ పట్టుకుంటారు. ఒకే వీధిలో నాలుగు షాపులుంటాయి, నలుగురికీ ఒకే సమస్య వస్తుంది, నలుగురూ విడివిడిగా అర్ధరాత్రి దాకా కుస్తీ పడతారు. పక్క షాపుకి వెళ్లి అడగరు. అడిగితే తెలియదన్న మాట బయటపడుతుంది, పని ఇచ్చే పార్టీ అటు వెళ్లిపోతుందన్న భయం.

గ్రూపు పెట్టాలంటే హాలు, ప్రొజెక్టరు, టీ ఖర్చు గురించి ఆలోచిస్తాం. అవన్నీ ఎలాగో కుదురుతాయి. కష్టమైనది ఒక్కటే: పోటీలో ఉన్నవాళ్లు ఒకే గదిలో కూర్చుని, తమ ఫైల్ తెరిచి, 'ఇది నాకు రావడం లేదు' అనగలగాలి. కింద చెప్పే అడుగుల్లో చాలా వరకు దానికోసమే.

1. సాఫ్ట్‌వేర్ పేరుతోనా, పని పేరుతోనా?

హైదరాబాద్‌లో యాప్‌ల స్క్రీన్లు చేసేవాళ్లయితే ఒక్క ఫిగ్మా (ఆ స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) పేరుతోనే గ్రూపు నడుస్తుంది. ఫిగ్మా కంపెనీకే 'ఫ్రెండ్స్ ఆఫ్ ఫిగ్మా' అని ఊరూరి గ్రూపుల కార్యక్రమం ఉంది. దానికి దరఖాస్తు చేసుకుంటే పేరు, కొంత ప్రచారం కలిసొస్తాయి. కంపెనీ నియమాలు కూడా వస్తాయి కాబట్టి అవి చదివాకే ఒప్పుకోండి.

చిన్న ఊళ్లలో ఇది పనికిరాదు. అక్కడ ఒకే మనిషి పొద్దున శుభలేఖ కోరెల్‌డ్రాలో చేస్తాడు, మధ్యాహ్నం ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ, సాయంత్రం 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో కరపత్రం. 'ఫోటోషాప్ యూజర్స్ గ్రూప్' అని బోర్డు పెడితే సగం మంది తమది కాదనుకుంటారు. అందుకని పని పేరు పెట్టండి: 'తెలుగులో పేజీలు, పోస్టర్లు చేసేవాళ్ల గ్రూపు' అంటే డీటీపీ ఆపరేటరు వస్తారు, ఫ్లెక్సీ డిజైనరు వస్తారు, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ వాడే కాలేజీ కుర్రాడూ వస్తాడు. వాళ్లందరినీ కలిపేది తెలుగు అక్షరం. ఆ అక్షరం అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఏదో ఒక చోట ఏడిపిస్తుంది, మాట్లాడుకోవడానికి విషయం అక్కడే దొరుకుతుంది.

2. ప్రకటన కంటే ముందు ముగ్గురు

పోస్టరు చేసి అందరికీ పంపడం సులువు, మనకి వచ్చిన పనే. కానీ మొదటి సభకి ఎవరూ రాకపోతే రెండోది ఉండదు. ముందు మీతో కలిపి ముగ్గురు నలుగురు గట్టిగా నిలబడేవాళ్లు కావాలి. అందరూ ఒకే రకం పనివాళ్లు కాకుండా చూసుకోండి. ఒకరు ఆఫ్‌సెట్ ప్రెస్ వైపు నుంచి, ఒకరు ఇంట్లో కూర్చుని ఫ్రీలాన్స్ చేసుకునేవాళ్లు, ఒకరు ఎక్కడైనా నేర్పించేవాళ్లు ఉంటే బాగా కుదురుతుంది.

వీళ్లని వెతకడానికి మంచి చోటు సీటీపీ సెంటర్. ప్రింటింగ్ ప్లేట్లు తీసే ఆ సెంటరుకి ఊళ్లోని డిజైనర్లందరి ఫైళ్లూ వస్తాయి. ఎవరు కర్వ్స్ చేయకుండా (అక్షరాల్ని గీతలుగా మార్చకుండా) పంపిస్తారో, ఎవరి బ్లీడ్ (కటింగ్ కోసం అంచు బయట వదిలే భాగం) ఎప్పుడూ సరిగ్గా ఉంటుందో, అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే మనిషికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయన్ని గ్రూపులోకి తెచ్చుకుంటే సగం పని అయినట్టే. తప్పు ఫైళ్లు తగ్గితే ఆయనకీ తలనొప్పి తగ్గుతుంది కాబట్టి కాదనడు. తర్వాత కాగితాల హోల్‌సేల్ షాపు, ఫ్లెక్సీ మిషన్ ఉన్న చోటు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ కూడా తిరగండి. ఫోన్ మెసేజ్ కన్నా మనిషి వెళ్లి పిలిస్తేనే వస్తారు, ముఖ్యంగా వయసులో పెద్దవాళ్లు.

3. ఎప్పుడు మొదలుపెట్టాలి

ఈ విషయంలో పంచాంగం చూడాల్సిందే. మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో ముహూర్తాలుంటే శుభలేఖల డిజైనర్లకి ఊపిరాడదు. నవంబరు నుంచి క్యాలెండర్లు, డైరీలు. ఏప్రిల్ నుంచి స్కూళ్ల అడ్మిషన్ల బ్రోచర్లు. వినాయక చవితికి, దసరాకి ఫ్లెక్సీలు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే ఇక ఎవరినీ పిలవక్కర్లేదు, మీరూ వెళ్లలేరు.

మిగిలింది ఆషాఢం. పెళ్లిళ్లు ఉండవు, స్కూళ్లు తెరిచేసి ఉంటాయి, చేతులు కాస్త ఖాళీ అవుతాయి. ఆంధ్రలో మొదటి సభకి నేనైతే ఆషాఢంలో ఆదివారమే ఎంచుకుంటాను. తెలంగాణలో, ముఖ్యంగా జంటనగరాల్లో, ఆషాఢమంటే బోనాల ఫ్లెక్సీల కాలం. అక్కడ బోనాలు అయ్యాక శ్రావణ ముహూర్తాలు ఊపందుకునే లోపు ఒక ఆదివారం చూసుకోవాలి. శ్రావణం తొందరగా ముంచుకొస్తే ఇంకో నెల ఆగినా ఫర్వాలేదు.

ఒకసారి మొదలయ్యాక మాత్రం తేదీ మార్చకండి. 'ప్రతి నెలా రెండో ఆదివారం, పొద్దున పది నుంచి పన్నెండున్నర' అని పెట్టుకుంటే ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. వీలు చూసుకుని పెడదాం అంటే అందరికీ వీలైన రోజు ఎప్పటికీ రాదు. సీజన్లో పదిమంది రావాల్సిన చోట నలుగురొచ్చినా సభ జరిపించండి.

డీటీపీ పనిలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఇలాంటి సభల్లో కనబడరు. సాయంత్రం ఏడింటికి ఏ షాపు పైగదిలోనో పెడితే ఎలా వస్తారు? పగటిపూట, బస్సు దొరికే చోట, చెప్పిన టైముకి ముగిసేలా పెట్టాలి. మొదటి ముగ్గురిలో ఒకరు మహిళ అయితే మిగతావాళ్లు రావడం తేలికవుతుంది.

4. చోటు, సామాను

ఆదివారం ఖాళీగా ఉండే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ అన్నిటికన్నా మంచిది. కుర్చీలు, సిస్టమ్‌లు, ప్రొజెక్టరు అన్నీ ఉంటాయి. శాఖా గ్రంథాలయం హాలు, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబు కూడా అడగొచ్చు. సభ్యుల్లో ఒకరి షాపులో మాత్రం వద్దు. ఒకరి షాపులో పెడితే అది వాళ్ల గ్రూపు అయిపోతుంది, పోటీ షాపువాళ్లు మెట్లెక్కరు.

వెంట తీసుకెళ్లాల్సినవి: హెచ్‌డీఎంఐ, వీజీఏ రెండిటికీ పనికొచ్చే అడాప్టరు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు, వాడబోయే ఫాంట్లు, ఫైళ్లు ఉన్న పెన్‌డ్రైవ్. నెట్ మీద ఆధారపడకండి. కరెంటు పోతే అరగంటైనా నడిచేలా ల్యాప్‌టాప్‌లు చార్జింగ్‌లో ఉంచండి. ప్రొజెక్టరులో రంగులు నమ్మొద్దు. కుంకుమ ఎరుపు అక్కడ వంకాయ రంగులో కనబడినా ఆశ్చర్యం లేదు. రంగుల గురించి మాట్లాడే రోజున ప్రింటు తీసిన కాగితాలు చేతికి ఇవ్వాలి.

5. మొదటి సభ

మొదటి సభకి ఉపన్యాసం పెట్టకండి. ముఖ్య అతిథి, శాలువా, జ్యోతి ప్రజ్వలన మొదలుపెడితే గంట పోతుంది, వచ్చినవాళ్లు ప్రేక్షకులైపోతారు. ఒక ఫైల్ తెరవండి.

ఏ ఫైల్? అందరికీ తెలిసిన తలనొప్పి ఉన్న ఫైల్. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) మార్చి, పేజీలు పెట్టే అడోబీ సాఫ్ట్‌వేర్ ఇండిజైన్‌లో పేజీ పెట్టడం మొదటి సభకి చక్కగా సరిపోతుంది. అందులో మూడు ముడులు ఉంటాయి, మూడూ విప్పి చూపించొచ్చు.

మొదటిది మార్పిడి. పాత తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు గీతలు కూర్చుని ఉంటాయి. కన్వర్టరులో వేస్తే తెలుగు బాగానే మారుతుంది, మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు, ఈమెయిల్ అడ్రసులు మాత్రం అర్థంలేని తెలుగైపోతాయి. అంకెలు, బ్రాకెట్లు, కోట్స్ కూడా ఒకసారి చూసుకోవాలి. కాబట్టి మార్చాక ప్రూఫ్ తప్పదు. ఇంగ్లీషు ముక్కల్ని ముందే గుర్తుపెట్టుకుని విడిగా అతికించడం మేలు.

రెండోది ఒత్తులు. యూనికోడ్ మ్యాటర్ ఇండిజైన్‌లో అతికించగానే 'రాష్ట్రం' విడిపోయి కనబడుతుంది. చాలామంది ఫాంటు పాడైందనుకుంటారు. ఫాంటు తప్పేమీ లేదు. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకుంటే అక్షరాలు కలుసుకుంటాయి. దాన్ని పారాగ్రాఫ్ స్టైల్లో పెట్టేస్తే ప్రతిసారీ వెతుక్కోవక్కర్లేదు. ఇల్లస్ట్రేటర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ పెట్టాలి, తర్వాత పారాగ్రాఫ్ ప్యానెల్లో సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోవాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలోనూ టైప్ ప్రిఫరెన్సెస్‌లోనే ఇలాంటి అమరిక ఉండేది. మొదటి సభలో ఈ ఒక్క క్లిక్కు చూసి నాలుగైదు తలలు ఊగుతాయి. వాళ్లు రెండో సభకి వస్తారు.

మూడోది ఫాంట్ల కొరత అనే అపోహ. యూనికోడ్‌లో మంచి తెలుగు ఫాంట్లు లేవు కాబట్టే అను వదల్లేకపోతున్నామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రామభద్ర, సూరన్న, మండలి, ధూర్జటి, గిడుగు, గురజాడ, మల్లన్న, పెద్దన, రవిప్రకాష్, పొన్నాల లాంటివన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రింటుకి, వ్యాపారానికి వాడుకోవచ్చు. ఒకే శీర్షికని వీటన్నిటిలో వేసి ప్రింటు తీసి గోడకి అతికించండి. వాదన అక్కడే ఆగిపోకపోవచ్చు. అను ఫాంట్ల తీరు ఇష్టపడేవాళ్లకి వాళ్ల కారణాలు ఉన్నాయి, ముప్పై ఏళ్ల అలవాటు ఒక సభలో పోదు, పోవాల్సిన అవసరం కూడా లేదు.

సమయం ఇలా పంచుకోవచ్చు. మొదటి పావుగంట పరిచయాలు: పేరు, ఏం పని చేస్తారు, ఈ నెల ఏం సతాయించింది. ఆ తర్వాత గంట ఫైల్. పావుగంట టీ. మిగిలిన టైము వచ్చినవాళ్ల సొంత సమస్యలు. టీ విరామాన్ని తగ్గించకండి. ప్రొజెక్టరు ముందు నోరు విప్పనివాళ్లు గ్లాసు చేతిలో ఉన్నప్పుడు అడుగుతారు.

ముగించే ముందు వచ్చే నెల ఫైల్ ఎవరు తెస్తారో పేరు అడిగి రాసుకోవాలి. ఇది మర్చిపోతే ఆ పని మీ నెత్తినే పడుతుంది, ప్రతి నెలా.

6. కొన్ని కట్టుబాట్లు

మొదటి రోజే చెప్పేయాలి. గొడవ వచ్చాక చెబితే ఎవరినో ఉద్దేశించి అన్నట్టుంటుంది.

రేట్లు మాట్లాడకూడదు. 'శుభలేఖ డిజైనుకి ఎంత తీసుకుంటున్నావు' అన్న ప్రశ్నతో సభ రెండుగా చీలిపోతుంది. అందరూ కలిసి రేటు పెంచుదామనే మాట ఎవరైనా తెస్తే దానికి వేరే సంఘం పెట్టుకోమనండి. వ్యాపారులు కూడబలుక్కుని ధరలు కట్టడం చట్టం దృష్టిలోనూ చిక్కే.

సభలో చూసిన ఫైల్ తాలూకు పార్టీ జోలికి వెళ్లకూడదు. ఫైల్ తెచ్చేవాళ్లు కూడా పెళ్లివారి పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి తేవాలి. మనం నేర్చుకోవడానికి వాళ్ల ఇంటి అడ్రసు తెర మీద ఉండక్కర్లేదు.

ఇక అందరికీ ఇబ్బందిగా ఉండే విషయం, క్రాక్ సాఫ్ట్‌వేర్. చాలా షాపుల్లో ఏముందో అందరికీ తెలుసు. మీరు పోలీసు కాదు, ఎవరి సిస్టమ్ తనిఖీ చేయక్కర్లేదు. కానీ గ్రూపులో క్రాక్‌లు, సీరియల్ నంబర్లు, కొనాల్సిన ఫాంట్లు పంచుకోవడం జరగకూడదు. ఆ మాట ఒక్కసారి స్పష్టంగా చెప్పి వదిలేయండి. దానికి తోడు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్, స్క్రైబస్, గింప్, కృత మీద ఏడాదికి రెండు మూడు సభలైనా పెడితే లైసెన్సు కొనలేనివాళ్లకి దారి చూపించినట్టు అవుతుంది. స్క్రైబస్ పాతది చూసి 'అందులో తెలుగు రాదు' అని తేల్చేసినవాళ్లు చాలామంది. 2024లో వచ్చిన 1.6 వెర్షన్లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

7. వాట్సాప్ గ్రూపు

తప్పదు, కాబట్టి పెట్టండి. శుభోదయాలు, రాజకీయాలు, ఫార్వర్డులు వద్దని వివరణలోనే రాయండి. వారంలోపే ఎవరో దేవుడి బొమ్మ పెడతారు. అందరి ముందూ అనకుండా విడిగా 'అన్నా, దయచేసి తీసేయండి' అనండి.

ప్రశ్న ఎలా అడగాలో కూడా నేర్పించాలి. 'కోరెల్ పనిచేయట్లేదు, హెల్ప్' అంటే ఎవరూ సాయం చేయలేరు. సాఫ్ట్‌వేర్ వెర్షన్, విండోస్ ఏది, ఫాంటు పేరు, ఏం చేస్తే ఏమైంది, ఒక స్క్రీన్‌షాట్ ఉండాలి. బొమ్మల్ని ఫోటోలుగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది. మంచి జవాబులు ఒక డాక్యుమెంటులో చేర్చే పని ఒకరికి అప్పగించండి. చాటింగ్‌లో పైకి వెళ్లిపోయినవి మళ్లీ దొరకవు.

8. ఏడాదికి సరిపడా ఏం మాట్లాడాలి

నల్ల అక్షరాల మీద ఒక పూర్తి సభ పెట్టొచ్చు. ఫోటోషాప్‌లో ఆర్‌జీబీలో (తెర రంగులు) నలుపు పెట్టి సీఎంవైకేలోకి (ప్రింటు ఇంకుల రంగులు) మారిస్తే ఆ నలుపు నాలుగు ఇంకుల్లోకి చీలిపోతుంది. ప్రెస్‌లో ప్లేట్లు వెంట్రుకవాసి అటూఇటూ అయినా చిన్న తెలుగు అక్షరాల ఒత్తుల చుట్టూ రంగుల నీడలు వస్తాయి. అక్షరాలు వంద శాతం బ్లాక్ ఒక్క ప్లేటులోనే ఉండాలి. దీన్ని తెర మీద కాకుండా ప్రింటులో చూపించాలి. ప్రెస్‌లో పక్కన పడేసిన షీట్లు తెచ్చి, భూతద్దం ఇచ్చి, ఒక్కొక్కరినీ చూడమనండి.

పేజ్‌మేకర్ ఫైళ్ల మీద ఇంకొకటి. అడోబీ చివరి పేజ్‌మేకర్ 7.0ని 2001లో విడుదల చేసింది, 2004లో అభివృద్ధి ఆపేసింది. తెలుగు పుస్తకాల ఫైళ్లు మాత్రం ఇప్పటికీ పాత సిస్టమ్‌లలో ఆ రూపంలోనే ఉన్నాయి. ఇండిజైన్ సీఎస్6, అంతకు ముందు వెర్షన్లు వాటిని తెరవగలవు, తర్వాత వచ్చినవి తెరవవు. మీ ఊళ్లో ఎవరి దగ్గరైనా సీఎస్6 లైసెన్సు, అది నడిచే సిస్టమ్ ఉంటే ఆ మనిషి గ్రూపుకి చాలా ముఖ్యం. ఎవరెవరి దగ్గర ఏ పుస్తకాలున్నాయో అడిగి, హార్డ్ డిస్కు పోయేలోపు ఫైళ్లు మార్చుకునే సభ ఒకటి పెట్టండి.

మిగతావి మీకే తడతాయి: ఫ్లెక్సీకి రిజల్యూషన్ ఎంత, బ్లీడ్ మూడు మిల్లీమీటర్లు ఎందుకు, స్టిక్కర్ కటింగ్‌కి గీతలు ఎలా సిద్ధం చేయాలి, ఫిగ్మాలో తెలుగు యాప్ స్క్రీన్లకి లైన్ల మధ్య దూరం.

ఒక పరీక్ష వాక్యం తయారుచేసి పెట్టుకోండి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, వస్త్రం లాంటి మాటలన్నీ అందులో ఉండాలి. కొత్త వెర్షన్ ఏది వచ్చినా ముందు ఆ వాక్యం వేసి చూడటం గ్రూపు అలవాటు కావాలి. ఇంక్‌స్కేప్, స్క్రైబస్, గింప్‌లలో ఏదైనా తేడా కనబడితే ఆ ప్రాజెక్టుల బగ్ ట్రాకర్‌లో (సాఫ్ట్‌వేర్ తప్పులు తెలియజేసే చోటు) రాయొచ్చు: ఫైల్, ఫాంటు, వెర్షన్, ఎలా రావాలి, ఎలా వస్తోంది. ఊళ్లో ఇంగ్లీషు బాగా రాసే విద్యార్థి ఒకరు, ఒత్తుల తేడా పట్టగల సీనియర్ ఆపరేటరు ఒకరు పక్కపక్కన కూర్చుంటే ఈ పని అరగంటలో అవుతుంది.

బయటి వక్తల కోసం సంక్రాంతి చూడండి. హైదరాబాద్‌లో, బెంగళూరులో కంపెనీల్లో చేసే డిజైనర్లు అప్పుడే ఊరికొస్తారు. పండగ మూడు రోజులూ అడగకండి, ముక్కనుమ తర్వాత అడగండి. అమెరికాలో ఉన్న మీ ఊరివాళ్లని ఆన్‌లైన్‌లో పిలవాలంటే మన ఆదివారం పొద్దున పది గంటలు కాలిఫోర్నియాలో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. న్యూజెర్సీవాళ్లకి అది అర్ధరాత్రి దగ్గర, మొహమాటానికి ఒప్పుకుంటారు, మళ్లీ పిలిస్తే రారు.

9. డబ్బు, రిజిస్ట్రేషన్

మొదటి ఏడాది టీ ఖర్చు తలా ఇంత అని అక్కడికక్కడే వసూలు చేసుకోండి. ప్రతి సభ తర్వాత వచ్చింది, ఖర్చయింది రెండు లైన్లలో గ్రూపులో పెట్టేయాలి. కాగితాల డీలరో కంప్యూటర్ షాపువాళ్లో స్పాన్సర్ చేస్తామంటే సంతోషమే. టీ ముందు ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి, సభ్యుల ఫోన్ నంబర్ల జాబితా మాత్రం ఇవ్వకండి.

బ్యాంకు ఖాతా అవసరమైనప్పుడే రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే నడుస్తోంది, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ముందే రిజిస్టర్ చేస్తే అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అన్న చర్చలోనే రెండు సభలు పోతాయి.

10. నడిపించడం, అప్పగించడం

ప్రతి గ్రూపులోనూ అన్నీ తెలిసినాయన ఒకరుంటారు. ఎవరు ఏం చూపించినా 'దీనికన్నా సులువు దారి ఉంది' అంటారు. ఆయన్ని ఆపకండి, వచ్చే నెల సభ ఆయనకే ఇవ్వండి. నిజంగా తెలిసినవాడైతే గ్రూపుకి లాభం, కాకపోతే మాట తగ్గుతుంది. తన కోచింగ్ సెంటరు ప్రకటన కోసమే వచ్చేవాళ్లు వేరు. వాళ్లకి స్పాన్సర్ నియమమే వర్తిస్తుందని చెప్పండి.

కొత్తవాళ్లకి, సీనియర్లకి విడి సభలు పెట్టాలని ఒత్తిడి వస్తుంది. నేనైతే ఒప్పుకోను. షార్ట్‌కట్ కీలు పిల్లలకి తెలుసు, ప్రెస్‌లో ఏది చెడిపోతుందో పెద్దవాళ్లకి తెలుసు. విడదీస్తే రెండు వైపులా నష్టమే.

గ్రూపు బాగుందో లేదో తలలు లెక్కపెట్టి తేల్చకండి. ఎంతమంది తమ ఫైల్ తెచ్చారన్నదే చూడండి. నలభైమంది వచ్చి ఒక్కరే మాట్లాడితే అది ట్యూషన్.

ఏడాది తర్వాత పగ్గాలు వేరేవాళ్లకి ఇవ్వండి. అప్పగించాల్సినవి ఒక సంచిలో పట్టేస్తాయి: అడాప్టరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, పరీక్ష వాక్యం ఉన్న పెన్‌డ్రైవ్, హాలు తాళం ఎవరి దగ్గరుంటుందో రాసిన కాగితం, లెక్కల పుస్తకం, జరిగిన సభల జాబితా, ఇంకా పిలవాల్సినవాళ్ల పేర్లు. వాట్సాప్ అడ్మిన్ హక్కులు కూడా మార్చాలి, ఇది చాలామంది మర్చిపోతారు. కొత్తవాళ్లు మొదటి సభ నడిపే ఆదివారం మీకు ఊళ్లో లేకుండా ఏదైనా పని ఉంటే ఇంకా మంచిది. ఉంటే మాత్రం వెనక వరసలో కూర్చోండి, మీ ఫైల్ ఒకటి వెంట తెచ్చుకోండి.